వేసవి శిబిరానికి వెళ్ళే రోజుల్లో నాన్నగారి పాదులకు నీళ్ళు ఎవరు పోయాలి?

రాజోలు టీచరమ్మ అడిగిన ప్రశ్న:

అందరికీ వందనాలు. మాది కోనసీమలో రాజోలు దగ్గర ఒక పల్లె. నేను ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెబుతాను. బడికి వేసవి సెలవులు ఇవ్వగానే అరకు వైపు జరిగే ఒక క్రైస్తవ పిల్లల శిబిరానికి పరిచర్యకు వెళ్ళి, మే నెలలో మూడు వారాలు అక్కడే ఉండి రావడం పదకొండేళ్ళుగా అలవాటయింది. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి గాడిపొయ్యి వెలిగించడం, పదిమంది పిల్లలకు కిలో లెక్కన బియ్యం కొలిచి గుండిగకు ఎత్తడం, పగలు చిన్నపిల్లలకు వాక్యం కంఠస్థం చేయించడం నా పని. నేను లేని ఆ మూడు వారాలూ మా పెరట్లో పాదులకు నీళ్ళు పోసేది నాన్నగారు. ఆయన కిందటి శ్రావణంలో ప్రభువునందు నిద్రించారు.

మా పెరడు ఆరు సెంట్లు. నాలుగు కొబ్బరిచెట్లు, వాటి మధ్య దొండ పందిరి, గోడ పక్కన బచ్చలి, వంటింటి వెనుక పొట్ల, బీర పాదులు ఉంటాయి. పొట్లపిందె జానెడు సాగగానే నాన్నగారు దాని కొసకు పురికొసతో చిన్న రాయి కట్టేవారు. ఆ రాయిని మేమే ఏరి తేవాలి. మరీ బరువైతే పిందె తెగిపోతుంది, మరీ తేలికైతే కాయ వంకర తిరుగుతుంది. అందుకని మేము తెచ్చిన రాళ్ళను ఒక్కొక్కటిగా అరచేతిలో వేసుకొని, కళ్ళు మూసుకొని, బరువు చూసి ఎంచేవారు. ఒక ఏడాది మా తమ్ముడి ఎత్తు పెరిగిన కాయను గుడిలో కోతపండుగకు పట్టుకువెళ్ళాము. ఆరాధన అయ్యాక జరిగిన వేలంపాటలో అది ఎవరికి వెళ్ళిపోతుందోనని తమ్ముడు ఏడుపు మొహం పెడితే, అమ్మే పాట పాడి దాన్ని తిరిగి ఇంటికి తెచ్చింది.

ఇప్పుడు అమ్మకు మోకాళ్ళ నొప్పులు. బోరింగు నుంచి బిందె మోసుకొచ్చే స్థితిలో లేదు. అయినా "నువ్వు వెళ్ళు, పిల్లలు ఎదురుచూస్తారు" అంటోంది. నాన్నగారు దాచిన విత్తనాలు బూడిదలో కలిపి సీసాల్లో అలాగే ఉన్నాయి. ఈ వేసవికి శిబిరం మానుకోవాలా, లేక పాదులు ఎండిపోకుండా ఉండే దారి ఏదైనా ఉందా? పెద్దలు తెలిసిన మాట చెప్పగలరు.

తెనాలి తోటమాలి ఇచ్చిన జవాబు:

అమ్మా, ముందు మీ మనసులోని బరువు కొంత దించుకోండి. బీర, పొట్ల పాదులు మీరు ఏప్రిల్‌లో పెట్టకపోతే నాన్నగారి తోట ఆగిపోయినట్టు కాదు. రోహిణి ఎండలకు రోళ్ళు పగులుతాయని మనవాళ్ళు ఊరికే అనలేదు. మనిషి దగ్గర ఉండి రోజూ రెండు పూటలా తడిపితే తప్ప ఆ ఎండలో లేత పాదు నిలవదు. జూన్ రెండో వారంలో మృగశిర కార్తె ప్రవేశించి తొలకరి పడ్డాక ఆ విత్తనాలే వేయండి. చిక్కుడుకైతే ఆషాఢం వరకూ తొందర లేదు, ఎందుకంటే పగటి పొద్దు తగ్గితే గాని అది పూత పట్టదు.

ఇక కాపాడుకోవలసినవి దొండ, బచ్చలి, కొబ్బరి. వీటికి నేను నమ్మిన పద్ధతి కుండ పాతడం. రంగు పూయని, కొత్త మట్టికుండను ఐదారు లీటర్లు పట్టేది తీసుకొని, పాదుకు జానెడు దూరంలో మెడ వరకు పూడ్చి, నీళ్ళు నింపి మూత పెట్టాలి. మట్టి పొడిబారినకొద్దీ కుండ గోడల్లోంచి నీరు ఊరుతుంది, వేళ్ళు ఆ కుండ చుట్టూ అల్లుకుంటాయి. మూడు నాలుగు రోజులకు ఒకసారి నింపితే చాలు. కాబట్టి పక్కింటి పిల్లవాడికి చెప్పినా జరిగిపోతుంది, అమ్మగారు బిందె ఎత్తనక్కరలేదు. మూత మాత్రం మరువకండి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. మీ బోరు నీళ్ళు ఉప్పనైతే కుండ రంధ్రాలు రెండు మూడేళ్ళకు పూడుకుపోవచ్చు, అప్పుడు కుండ మార్చుకోవాలి.

కోనసీమలో కొబ్బరి డొక్కలకు, అంటే కాయ ఒలిచిన పీచు తొక్కలకు, కరువు లేదు కదా. చెట్టు చుట్టూ కందకం తీసి, డొక్కలను లోపలి గుంట పైకి ఉండేలా వరుసలుగా పేర్చి మట్టి కప్పితే, పడిన నీటిని అవి పీల్చుకొని చాలా రోజులు పట్టి ఉంచుతాయి. దొండ పాదు మొదట్లో ఎండుగడ్డి మందంగా పరవండి. కొన్ని ఆకులు రాలినా బెంగపడవద్దు. దొండకు వేరు బతికి ఉంటే చాలు, తొలి వానకు మళ్ళీ చిగురిస్తుంది.

మెదక్ మాస్టారు ఇచ్చిన జవాబు:

టీచరమ్మగారికి శుభములు. నేను పదవీ విరమణ చేసి ఎనిమిదేళ్ళయింది. మా మెదక్ చర్చి 1924లో క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ అయింది. కరువు రోజుల్లో ఆ కట్టడం పనే ఎన్నో కుటుంబాలకు తిండి పెట్టిందని మా తాతగారు చెప్పగా విన్నాను. గుడి కట్టడమూ గింజ సంపాదించుకోవడమూ మావాళ్ళకు వేరువేరు పనులుగా తోచలేదు. అందుకే పెరడు ఒక వైపు, పరిచర్య ఒక వైపు అని మీరు తూకం వేసుకుంటుంటే నాకు బాధ కలిగింది. నాన్నగారి విత్తనాల్లో కొన్నింటిని శిబిరానికే తీసుకువెళ్ళండి.

అయితే ఒక జాగ్రత్త చెప్పాలి. నేను పని చేసిన ఒక శిబిరంలో మొదటి ఏడాది పిల్లల చేత బెండ, వంగ వేయించాము. పదిరోజుల శిబిరం ముగిసేనాటికి రెండేసి ఆకులు తప్ప ఏమీ కనబడలేదు, మేము వెళ్ళాక మేకలు వాటిని కూడా మిగల్చలేదు. పిల్లలకు ఉన్న రోజుల్లోనే కనబడే మొక్క ఇవ్వాలి. మెంతులు నానబెట్టి చల్లితే మూడో రోజుకు మొలక వస్తుంది, రెండు వారాలకు చిన్న ఆకు గిల్లుకోవచ్చు. మీరు ఉండేది మూడు వారాలు కాబట్టి శిబిరం చివరి భోజనంలో ఆ మెంతికూరను పప్పులో వేయించవచ్చు. తాను చల్లిన గింజ తన కంచంలోకి రావడం చూసిన పిల్లవాడికి విత్తువాని ఉపమానాన్ని నేను వేరే వివరించవలసిన అవసరం కలగలేదు.

అక్కడ ఆనప, గుమ్మడి తీగలు ముందే ఉంటే ఇంకా మంచిది. ఆనప పువ్వు తెల్లగా సాయంత్రం విచ్చుకుంటుంది, బీర పువ్వూ ఆ వేళకే. గుమ్మడి మాత్రం తెల్లవారుజామున పూస్తుంది. పువ్వు కింద చిన్న పిందె ఉంటే అది ఆడపువ్వు, ఉత్త కాడ ఉంటే మగపువ్వు. సాయంకాల ప్రార్థనకు ముందు పిల్లలను తీసుకువెళ్ళి, మగపువ్వు రేకులు తీసి, పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దించండి. నాలుగైదు రోజుల్లో ఎవరు అద్దిన పిందె నిలిచిందో, ఎవరిది పండుబారి రాలిందో వాళ్ళే చూసుకొని మీ దగ్గరకు పరుగెత్తుకొస్తారు. రాలిన పిల్లవాడి పక్కన ఆ పూట మీరు కాసేపు కూర్చోండి.

డాలస్ నుంచి ఒక తల్లి ఇచ్చిన జవాబు:

అక్కయ్యగారూ, మేము టెక్సాస్‌లో ఉంటాము. మా పెద్దవాడు రెండు వేసవులుగా ఇక్కడి ఒక క్రైస్తవ శిబిరంలో గిన్నెలు కడిగే పనికి, గదులు ఊడ్చే పనికి వెళ్తున్నాడు. ఇంట్లో కంచం తీయని పిల్లవాడు అక్కడ వందల కంచాలు కడిగి, ఫోనులో నాకు ఆ సంగతి సంతోషంగా చెప్పినప్పుడు, గుడికోసం రోజూ పిడికెడు బియ్యం తీసిపెట్టే మా అమ్మ గుర్తుకొచ్చింది. మా పెరట్లో గోంగూర ఇక్కడి ఎండను లెక్కచేయదు, వాడు లేని రోజుల్లో వాడి మడికి నేనే నీళ్ళు పెడతాను. మీ అమ్మగారు "వెళ్ళు" అంటున్నది మర్యాదకని అనుకోకండి. ఇంటి దగ్గర మిగిలిన మనిషికి ఆ నీళ్ళు పోసే పని కూడా ఒక తోడే. ఆమెకు శక్తికి తగ్గ పని ఒకటి వదలండి, అంతా పక్కింటివాళ్ళకు అప్పగించేయకండి.

రాజోలు టీచరమ్మ మళ్ళీ రాసినది:

మీ అందరికీ నా కృతజ్ఞతలు. నిన్న సంతలో ఐదు కుండలు కొన్నాను. నాలుగింటిని దొండకూ బచ్చలికీ పాతాము. ఐదోదాన్ని అమ్మ తన మంచం కనబడే కిటికీ కింద, కరివేపాకు మొక్క పక్కన పాతించుకుంది. దానికి తానే చెంబుతో నీళ్ళు పోస్తానని, పక్కింటి అబ్బాయి ముట్టుకోకూడదని చెప్పింది. డొక్కలు ఈ వారం కందకంలో పేరుస్తాము. పొట్ల, బీర గింజలను మృగశిరకు ఉంచాను. మెంతులు అరకిలో విడిగా మూటకట్టాను. సీసాలు దించుతుంటే వాటి వెనుక ఒక పాత పాలడబ్బా దొరికింది. మూత తీస్తే అందులో గింజలు లేవు. పురికొస ముక్కలు కట్టి ఉన్న పొట్లకాయ రాళ్ళు పన్నెండు ఉన్నాయి.