సమస్యాపూరణం: రాత్రి గడువంగఁ బదినాళ్ళు రాలిపోయె

నిర్వాహకులు: మిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య తేటగీతి పాదం.

"రాత్రి గడువంగఁ బదినాళ్ళు రాలిపోయె"

ఇది నిజంగా జరిగింది. 1582లో స్పెయిన్, పోర్చుగల్, ఇటలీలలో అక్టోబరు 4, గురువారం రాత్రి పడుకున్నవాళ్ళు లేచేసరికి అక్టోబరు 15, శుక్రవారం. వారం తప్పలేదు, తేదీ ఒక్కటే దూకింది. జూలియస్ సీజర్ నాటి క్యాలెండరులో ఏడాది అసలుకన్నా సుమారు 11 నిమిషాలు ఎక్కువ. ఆ నిమిషాలే శతాబ్దాల తరబడి పోగుపడి, మార్చి 21న ఉండాల్సిన విషువత్తు, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే రోజు, మార్చి 11కి వచ్చేసింది. ఈస్టర్ లెక్క దాని మీదే ఆధారపడుతుంది కనుక పోప్ పదమూడవ గ్రెగరీ పది రోజులు తీసేయించాడు. మీ పూరణ ఏ దేశానిదైనా ఈ క్యాలెండరు మార్పు గురించే ఉండాలి. కల్పన వద్దు.

గుంటూరు సభ్యురాలు: స్పెయిన్‌లో సన్న్యాసిని, రచయిత్రి అవిలా తెరెసా సరిగ్గా ఆ రాత్రే కన్నుమూశారు. ఆమె మీద నా పూరణ.

నాల్గవ దినాన తెరెసమ్మ నాకమరిగె
మరుదినమ్మున నిడినారు మట్టిలోన
తేది పదునైదు, పంచాంగ తీరు మారి
రాత్రి గడువంగఁ బదినాళ్ళు రాలిపోయె.

నిర్వాహకులు: చాలా బాగుందమ్మా. నాలుగున పోయిన మనిషిని మర్నాడే, అంటే పదిహేనున ఖననం చేశారు. ఆమె పండుగను ఇప్పటికీ అక్టోబరు 15నే జరుపుతారు. సమస్యలోని వింత మీ పద్యంలో ఒక మనిషి చావుతో ముడిపడింది, అందుకే మనసుకు తగిలింది. ఒక్క సవరణ: "పంచాంగ తీరు" వైరిసమాసం, అంటే సంస్కృత పదాన్నీ తెలుగు పదాన్నీ కలిపిన తప్పు సమాసం. "తేది పదునైదు; గణనల తీరు మారి" అంటే గణమూ యతీ చెడకుండా దోషం పోతుంది. "దినానఁ దెరెసమ్మ" అని సరళాదేశం చేయాలని, అంటే తకారాన్ని దకారంగా మార్చాలని ఎవరైనా అనవచ్చు గానీ, పరాయి పేరును వికారం చేయకుండా అలాగే ఉంచడమే నాకిష్టం.

వరంగల్ సభ్యుడు: నేను ఇంగ్లండును తీసుకున్నాను. అక్కడ పోయినవి 11 రోజులు కదా, అందుకని ఒకటి విడదీశాను.

ఆంగ్లసీమలో జనమెల్ల నాగ్రహించి
రోజులిమ్మంచు వీధుల రొదలు సల్పె
ఒకటి ముందుగ జారంగ నొక్కసారి
రాత్రి గడువంగఁ బదినాళ్ళు రాలిపోయె.

బెంగళూరు సభ్యుడు: అన్నా, ధార బాగుంది, రెండో పాదం నోట్లో ఆడుతోంది. కానీ చరిత్ర దగ్గర నాకు అభ్యంతరం. ఒకటి ముందు జారలేదు, 1752 సెప్టెంబరు 2, బుధవారం తర్వాత నేరుగా 14, గురువారం వచ్చింది. ఇక ఆ అల్లర్లకు గట్టి ఆధారాలు లేవు. విలియం హోగార్త్ 1755 ప్రాంతంలో ఎన్నికల విందు మీద వేసిన బొమ్మలో "మా పదకొండు రోజులు మాకివ్వండి" అని రాసిన బ్యానర్ ఒకటి కనిపిస్తుంది. ఎన్నికల మీద వేసిన ఆ వ్యంగ్య చిత్రాన్నే తర్వాతివాళ్ళు వీధి పోరాటంగా చెప్పేశారు. జనానికి అసలు టెన్షన్ అద్దెలూ బాకీల గురించి. వాటి గడువులు తగ్గకుండా చట్టంలోనే రాశారు. మార్చి 25న మొదలయ్యే లెక్కల ఏడాది జరిగి జరిగి, బ్రిటన్‌లో ఇవాళ్టికీ పన్నుల సంవత్సరం ఏప్రిల్ 6న మొదలవడానికి మూలం అదే.

వరంగల్ సభ్యుడు: ఆ బొమ్మనే పద్యంలోకి తెస్తాను తమ్ముడూ.

ఆంగ్లసీమలో జనమెల్ల నలిగె ననుట
చిత్రమొక్కటి తెచ్చిన చిక్కు సుమ్ము;
ఒకటి తోడుగ, సందడి యొకటి లేక
రాత్రి గడువంగఁ బదినాళ్ళు రాలిపోయె.

నిర్వాహకులు: ఇప్పటిదాకా వచ్చినవాటిలో నాకు ఎక్కువ నచ్చింది ఇదే. "ఒకటి తోడుగ" అనడంతో పదకొండూ ఒకే రాత్రిలో పోయాయి.

డల్లాస్ సభ్యురాలు: అందరూ ఒక్క రాత్రిలో తేల్చుకుంటే స్వీడన్ మాత్రం 1700 నుంచి 1740 దాకా లీపు రోజులు మానేసి మెల్లగా సర్దుకుందామనుకుంది. 1700లో మానింది. ఈలోగా యుద్ధం ముంచుకొచ్చింది. 1704, 1708లలో లీపు రోజులు మామూలుగానే వచ్చిపడ్డాయి. దాంతో అటు పాత క్యాలెండరుకూ కాక, ఇటు కొత్తదానికీ కాక పోయింది. చివరికి 1712లో ఫిబ్రవరికి ముప్పయ్యో తేదీ చేర్చి పాతదానికే తిరిగొచ్చారు.

నలుబదేండ్లకుఁ దీరని నలత యేల?
ఫిబ్రవరి ముప్పదినిఁ జూచె స్వీడనకట!
రోము నగరమ్ము మేలయ్యె రొచ్చులేక
రాత్రి గడువంగఁ బదినాళ్ళు రాలిపోయె.

గుంటూరు సభ్యురాలు: రెండో పాదంలో యతి కుదిరిందా అండీ? ఫి, స్వీ?

నిర్వాహకులు: కుదిరిందమ్మా. సంయుక్తాక్షరంలోని వకారం తీసుకుంటే ఫకారంతో అభేదవర్గయతి, అంటే వకారానికి ప, ఫ, బ, భలతో చెల్లే యతి. ఫిబ్రవరి 30న పుట్టిన పిల్లలకు మళ్ళీ పుట్టినరోజే రాదు, దాని మీద కూడా ఎవరైనా రాయండి. స్వీడన్ చివరికి 1753లో ఫిబ్రవరి 17 తర్వాత మార్చి 1 పెట్టి మార్పు ముగించింది.

వరంగల్ సభ్యుడు: రష్యాను తీసుకోవచ్చా? అక్కడ 13 పోయాయి.

నిర్వాహకులు: తీసుకోండి. 1918లో జనవరి 31 తర్వాత ఫిబ్రవరి 14 వచ్చింది. ఆ మూడింటిని మూడో పాదంలో ఎక్కడ ఇముడుస్తారో చూడాలని ఉంది. ఆదివారం రాత్రి దాకా పూరణలు పంపవచ్చు.