ఆవకాయ కారం ఫోటోలో ఎర్రటి మచ్చలా వస్తోంది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. ఫోటోలు తీయడం నాకు వృత్తి కాదు, ఇష్టం. వేసవిలో నూజివీడు దగ్గర అమ్మమ్మగారి ఊరికి వెళ్తే కెమెరా చేతిలోంచి దిగదు. ముంజలు కొట్టే చేతులు, డాబా మీద పాత చీరలో ఆరే వడియాలు, వేపచెట్టు కింద నులక మంచం మీద తాతయ్య కునుకు... ఇవన్నీ బాగానే వస్తున్నాయి.

చిక్కంతా ఆవకాయ పెట్టే రోజునే. వరండాలో అత్తయ్య కాయలు కొడుతుంటే, పిన్ని జీడి తీసి ముక్కలు పొడిగుడ్డతో తుడుస్తుంటే చూడ్డానికి ఎంత బాగుంటుందో! ఎండ పడే చోట బేసిన్‌లో కారం పోయగానే మాత్రం ఫోటో పాడవుతోంది. పొడి రేణువులు కనబడవు, అంతా ఒకే ఎరుపు. హిస్టోగ్రామ్‌లో (ఫోటోలో వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్) మొత్తం వెలుగు సరిగ్గానే ఉంది, ఎరుపు రంగు చానల్ ఒక్కటే కుడి అంచుకు కొట్టుకుంటోంది, అంటే ఎరుపు మితిమీరుతోంది. వెలుగు ఒక స్టాప్ (అంటే సగానికి) తగ్గిస్తే కారం నిలుస్తుంది కానీ నీడలో ఉన్న అత్తయ్య ముఖం నల్లబడుతుంది. ఆ ముఖం లేకపోతే నాకా ఫోటో అక్కర్లేదు.

వాడేది 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్, ఐఎస్ఓ 100, జేపెగ్. ఫ్లాష్ వద్దు, వాళ్ల పనికి అడ్డం. రా ఫైల్‌లో (కెమెరా మార్పులు చేయకుండా దాచే ముడి ఫైల్) తక్కువ వెలుగుతో తీసి, తర్వాత నీడలు పెంచడం మేలా? తాతయ్య తెల్లపంచె పక్కన పట్టుకుని ముఖం మీదికి వెలుగు మళ్లిస్తే చాలా? నూనె పోశాక ముక్కల మీద వచ్చే మెరుపు పోలరైజర్ (మెరుపులు తగ్గించే లెన్స్ ఫిల్టర్) పెడితే పోతుందా? అది పోకూడదు. అనుభవమున్నవాళ్లు దయచేసి చెప్పండి, కాయలు వచ్చే వారమే కోస్తున్నారు.