డెంగీ గురించి అందరికీ ఒకే ప్రసంగం సరిపోతుందా?

వైట్‌ఫీల్డ్ వాసి:
వానలు మొదలయ్యాయి. ఇక్కడ బెంగళూరులో మన సంఘం తరఫున రెండు చోట్ల డెంగీ గురించి మాట్లాడాలి. ఒకటి మా అపార్ట్‌మెంట్, రెండోది పక్కన కడుతున్న టవర్ దగ్గర పాలమూరు, కర్నూలు కూలీల షెడ్లు. జబ్బు ఒకటే, దోమ ఒకటే, మాట ఎందుకు మార్చాలని కొందరంటున్నారు. మీరేమంటారు?

మారతహళ్లి నుంచి:
మార్చాల్సిందే. "నిల్వ నీళ్లు పారబోయండి" అంటే అపార్ట్‌మెంట్‌లో పూలకుండీల కింది పళ్లేలు ఖాళీ చేస్తారు. షెడ్డులో ఏం పారబోస్తారు? ట్యాంకర్ వచ్చినప్పుడు డ్రమ్ములో పట్టుకున్న నీళ్లే వంటకూ స్నానానికీ. తలూపి ఊరుకుంటారు. డ్రమ్ముకు గుడ్డ బిగించి కట్టమనండి. వారానికోసారి ఖాళీ చేసినప్పుడు లోపలి గోడలు పీచుతో రుద్దమనండి. దోమ గుడ్లు ఆ గోడకే అంటుకుని ఉంటాయి, ఎండినా నెలల తరబడి చావవు.

పైగా ఈ దోమ కుట్టేది ఎక్కువగా పగలు. తల్లి ఇటుకలు మోస్తుంటే పసిపిల్ల చీర ఉయ్యాలలో పడుకుని ఉంటుంది. దోమతెర ముందు కావలసింది ఆ ఉయ్యాలకు. నైట్‌షిఫ్ట్ చేసి పగలు నిద్రపోయే ఐటీ పిల్లలకూ ఇది చెప్పాలి.

హొసూరు రోడ్డు నుంచి:
అన్నా, నా భయం వేరు. "వాళ్లకు అర్థమయ్యేలా" అంటూ అసలు విషయాన్నే కత్తిరిస్తారు. ఒక శిబిరంలో చూశాను. చదువుకున్నవాళ్లకు ప్రమాద సూచనలన్నీ వివరించారు, కూలీలకు "జ్వరమొస్తే ఆస్పత్రికి వెళ్లండి" అని సరిపెట్టారు. నాకు చాలా కోపం వచ్చింది. డెంగీ ముదిరేది తరచుగా జ్వరం తగ్గే రోజుల్లోనే. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం అప్పుడే కనిపిస్తాయి. జ్వరం దిగగానే కూలి పోతుందని పనిలోకి పరుగెత్తేవాళ్లకు అది చెప్పకపోతే ఎలా? ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపులో ఏదో ఒక బిళ్ల తెచ్చుకుంటారు. ఆస్పిరిన్, ఐబూప్రోఫెన్ వేసుకుంటే రక్తస్రావం ముప్పు పెరుగుతుందని, పారాసిటమాల్ వాడాలని చెప్పి తీరాలి.

మారతహళ్లి నుంచి:
విషయం తగ్గించకూడదు, నిజమే. కానీ పనిలోకి రమ్మనేది మేస్త్రీ. "జ్వరం తగ్గినా వెంటనే పిలవొద్దు" అన్న మాట వినాల్సింది అతను. అతన్నీ కూర్చోబెట్టండి.

హొసూరు రోడ్డు నుంచి:
మేస్త్రీ ముందు కూలీలు నోరు విప్పరు. అతనితో విడిగా మాట్లాడాలి. షెడ్ల దగ్గరికి ఆదివారం పొద్దున వెళ్లండి, ఆడవాళ్లు నీళ్లు పట్టుకునే వేళకు. స్లైడ్లు అక్కర్లేదు, డ్రమ్ము మూత తీసి, దోమలయ్యే పురుగులు చూపించండి.