అయిదేళ్ల రక్షణ ప్రణాళికను 2039 దాకా పొడిగిస్తుంటే ఒక పద్దు దగ్గర ఆగిపోయాను

అమెరికా రక్షణ శాఖ 2025కి అడిగింది సుమారు 850 బిలియన్ డాలర్లు. ఆ బడ్జెట్‌తో వచ్చిన అయిదేళ్ల ప్రణాళిక 2029తో ఆగిపోతుంది. అమెరికా కాంగ్రెస్‌కు బడ్జెట్ లెక్కలు వేసిచ్చే కాంగ్రెషనల్ బడ్జెట్ ఆఫీస్ చేసినట్టే దాన్ని ఎక్సెల్‌లో 2039 వరకు లాగుతున్నాను, అన్నీ ద్రవ్యోల్బణం తీసేసి 2025 డాలర్లలోనే.

మొదట మొత్తానికి కలిపి ఏటా ఒకే శాతం పెంచాను. గీత నున్నగా వచ్చింది, నమ్మేలా మాత్రం లేదు. తర్వాత పద్దులు విడదీశాను. సైనికుల జీతాల పెంపు చట్టప్రకారం ఎంప్లాయ్‌మెంట్ కాస్ట్ ఇండెక్స్‌కు (ఉద్యోగుల జీతాల ఖర్చు ఎంత పెరిగిందో కొలిచే సూచీ) ముడిపడి ఉంది కాబట్టి అక్కడ చిక్కు లేదు. కొనుగోళ్లను ఓడలు, విమానాల వారీగా వేశాను. కొత్త రకాల ధర అనుకున్నదానికంటే పెరగడం మామూలే కనుక ఆ అదనానికి వేరే కాలమ్ పెట్టాను.

అసలు టెన్షన్ నిర్వహణ, మరమ్మతుల పద్దుతోనే. సైనికుల సంఖ్య పెరగకపోయినా ఈ ఖర్చు పెరుగుతూనే ఉంటుంది. సైనికుడి తలసరి లెక్కలో పాత వేగాన్నే కొనసాగిస్తే, 2039 నాటికి ఇదొక్కటే మిగతా పద్దులను మింగేసేలా ఉంది. ద్రవ్యోల్బణానికి కట్టేస్తే నిజ పెరుగుదల సున్నా, అదీ తప్పే. ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల ఏళ్లు తీసేసి చూశా, తేడా తగ్గింది గానీ పోలేదు.

ఈ తలసరి ఖర్చు పెరుగుదలకు ఎన్నేళ్ల సగటు తీసుకోవడం సబబు?