సమస్య: నూనె లేని చోట నూనె కారె

నిర్వాహకులు:
ఉత్తర కరోలినాలో ఉండే మన తోటమాలి గారు ఒక ఫోటో పంపారు. తోట ట్రాక్టర్ కింద అట్ట పరిచి ఉంది, అట్ట మీద నల్లటి మరక. మరక సరిగ్గా ఆయిల్ ఫిల్టర్ కింద ఉంది. ఫిల్టర్ బిగింపు దగ్గర వేలు పెట్టి చూస్తే మాత్రం పొడిగా ఉందట. ఆ మాట చదవగానే పాదం దానంతట అదే వచ్చేసింది. పూరించండి. ఇంజన్ విషయమే కావాలి, దీపాలూ గానుగలూ వద్దు.

కోనసీమ కవి:
కింద తడిసెనంచు కిందనే వెదకితి
పైన మూత యంచు పగిలి జారె
గాలి వెంట నూనె కడదాక పాకగా
నూనె లేని చోట నూనె కారె

యతిప్రియ:
భేష్. ‘గాలి వెంట’ అన్నదే ఈ పద్యానికి ప్రాణం. ఫ్లైవీల్ (ఇంజన్ షాఫ్టుతో తిరిగే బరువైన చక్రం) రెక్కలు విసిరే గాలి ఇంజన్ చుట్టూ ఉన్న రేకు లోపలి నుంచి పోతుంది. పైన ట్యాపెట్ కవర్ (వాల్వుల మీది మూత) దగ్గర ఊరిన చుక్కను అది ఎక్కడికైనా తోసేస్తుంది. దారిలో గడ్డి పొట్టు అంటుకుని ఇంజన్‌ను చల్లార్చే రెక్కల మధ్య ముద్దకడుతుంది, ఇంజన్ వేడెక్కుతుంది. తడిసిన చోట్లలో అన్నిటికన్నా పైనున్నది వెతకమని మెకానిక్‌లు చెప్పేది ఇందుకే. కోనసీమ వారు ఈసారి యతి కోసం అర్థాన్ని బలిపెట్టలేదు, సంతోషం.

కోనసీమ కవి:
‘ఈసారి’ అనడం ఎందుకండీ? నేను ఎప్పుడు బలిపెట్టానో చూపించండి.

కొత్తకలం:
నా ప్రయత్నం, పెద్దలు సరిదిద్దాలి.
కడిగి యారబెట్టి కాస్త పౌడరు చల్లి
నడిపి చూడ తెల్ల నల్లబడియె
సీలు పెదవి చినిగి జారెరా చమురంత
నూనె లేని చోట నూనె కారె

యతిప్రియ:
మూడో పాదంలో సీ-జా. హల్లులకు మైత్రి ఉంది, అచ్చులకు లేదు. యతి తప్పింది.

నిర్వాహకులు:
‘చిందెరా చమురంత’ అంటే చాలు, గణాలు కదలవు. పౌడర్ ఉపాయం పద్యంలోకి రావడం నాకు చాలా నచ్చింది. జిడ్డు వదిలించే డీగ్రీజర్‌తో కడిగి, పూర్తిగా ఆరాక టాల్కమ్ పౌడర్ చల్లి, ఇంజన్ కాసేపు నడిపితే కారే చోటు గీత గీసి చూపిస్తుంది. రెండో పాదం చదువుతుంటే ఆ గీత కళ్ళ ముందు కనబడింది.

కోనసీమ కవి:
యతి సరే, సమస్య విడిందా? సీలు అంటే షాఫ్టు చుట్టూ నూనెను ఆపే రింగు, అది ఉండేదే నూనె దగ్గర. ‘నూనె లేని చోట’ ఎలా అయింది?

కొత్తకలం:
సీలుకు ఇవతల, కప్పీ ఉండే వైపు షాఫ్టు పొడిగా ఉండాలి కదండీ. అక్కడ కారిందని నా భావం.

కోనసీమ కవి:
ఆ మాట పద్యంలో లేదు బాబూ. అయినా రెండో పాదం బాగుంది, నీకు చూపు ఉంది, రాస్తూ ఉండు.

పాలమూరు పద్యం:
కొలత మించి పోయ గుండెలో నొత్తిడి
పెరిగి చమురు నెట్టివేసె పైకి
గాలి వడియగట్టు కాగితమ్ము తడిసె
నూనె లేని చోట నూనె కారె

యతిప్రియ:
ఇదీ పూరణం! ఎయిర్ ఫిల్టర్ పెట్టెలో నూనె ఉండనే కూడదు. ఆయిల్ కొలతకడ్డి గీత దాటేలా పోసినా, ఇంజన్ లోపలి ఒత్తిడిని బయటికి వదిలే బ్రీదర్ పాడైనా, నూనె బ్రీదర్ గొట్టం గుండా ఎక్కేది అక్కడికే. సమస్యలోని ప్రతి మాటా సార్థకమైంది.

కోనసీమ కవి:
క్రాంక్‌కేస్, అంటే నూనె ఉండే అడుగు పెట్టె, ఇంజన్‌కు గుండె కాదు, కడుపు. ‘కడుపులో’ అనాల్సింది.

పాలమూరు పద్యం:
కొ-క యతి మీకు చెల్లుతుందేమో, నాకు చెల్లదు. పోయిన నెల కందంలో ‘ట్రాక్టరు’కు ‘భోక్త’తో ప్రాస కట్టి, క్ట, క్త ఒకటేనని వాదించింది మీరే కదా!

కోనసీమ కవి:
అన్యదేశ్యాలకు ఆ మాత్రం వెసులుబాటు ఉండాలని ఇప్పటికీ అంటాను.

నిర్వాహకులు:
‘కుక్షిలో నొత్తిడి’ అనండి, కడుపూ నిలుస్తుంది, యతీ నిలుస్తుంది. క్ట-క్త గొడవ ఇక్కడ వద్దు.

గోల్కొండ గళం:
ఆలస్యంగా వచ్చాను.
చుక్క చుక్క రాలఁ జూచి కంగారైతి
కొలతకడ్డి చూడఁ గొరత లేదు
వెనుక గేరు సీలు వీడగా నింజను
నూనె లేని చోట నూనె కారె

యతిప్రియ:
‘ఇంజను’ను మూడో పాదం చివర పెట్టి సమస్యలోని మొదటి నూనెకు తగిలించారు! కారింది గేర్ ఆయిల్, ఇంజన్ ఆయిల్ కాదు. సీలు కొనేముందు ఆయిల్ మట్టం చూడాలని పద్యమే చెబుతోంది.

తోటమాలి:
అందరికీ నమస్కారం. నా కొలతకడ్డిలో మట్టం తగ్గుతూనే ఉంది, కాబట్టి గోల్కొండ గారి దారి నాకు కుదరలేదు. పైనుంచి కిందికి పౌడర్ చల్లాను. ట్యాపెట్ కవర్లు తెల్లగానే ఉన్నాయి. ఫిల్టర్‌కు పైన, ఫ్లైవీల్ వైపు సీలు దగ్గర గీత పడింది. కొత్త సీలు తెప్పించాను. బిగించేముందు పాలమూరు గారి పద్యం గుర్తొచ్చి ఎయిర్ ఫిల్టర్ విప్పాను. కాగితం మడతల్లో ఒక మూల నూనె జిడ్డు. బ్రీదర్ మూత తీస్తే లోపలి సన్నటి రేకు పలక ఒక పక్క పైకి లేచి, మూసుకోకుండా ఉంది. పలక మూసుకోక బయటి గాలి తిరిగి లోపలికి వచ్చి, లోపల ఒత్తిడి పెరిగి సీలును కూడా తోసిందన్నమాట. సీలు ఒక్కటే మార్చి ఉంటే అదీ మళ్ళీ కారేది.

యతిప్రియ:
సీలు ఎక్కించేటప్పుడు షాఫ్టు మీది కీ గాడికి టేపు చుట్టండి. ఆ అంచు తగిలితే కొత్త పెదవి అక్కడే చీలుతుంది. స్ప్రింగ్ ఉన్న వైపు నూనె వైపుకు ఉండాలి.

తోటమాలి:
టేపు చుట్టాను, స్ప్రింగ్ లోపలి వైపే ఉంది. బ్రీదర్ కూడా కొత్తది వేశాను. ఇవాళ పెరడంతా కోశాక కింద అట్ట పొడిగా ఉంది.

కోనసీమ కవి:
అయితే పాలమూరు వారి పూరణమే మేటి, మనస్ఫూర్తిగా ఒప్పుకుంటున్నాను. క్ట-క్త విషయంలో మాత్రం ఓటమి ఒప్పుకోను.