సమస్యాపూరణం: పండు నెక్కి నదిని పల్లె దాటె

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం.

*పండు నెక్కి నదిని పల్లె దాటె*

పండెక్కి ఏరు దాటడమేంటని కంగారు పడకండి. కొరియా భాషలో ‘బే’ అంటే కడుపు, పడవ, బేరిపండు. మూడూ అచ్చ కొరియా మాటలే. 15వ శతాబ్దంలో హాంగుల్ లిపి పుట్టిన కొత్తలోనే మూడింటినీ ఒకే అక్షరాలతో రాశారు. అప్పటి రాతలో చుక్కలాంటి అచ్చు ఒకటుండేది, 1933 వర్ణక్రమ నియమాల్లో దాన్ని తీసేశారు. చుక్క పోయినా మూడింటి పొత్తు పోలేదు. ‘రెట్లు’ అనే నాలుగో ‘బే’ మాత్రం చైనా నుంచి వచ్చింది. మన లెక్కలో తత్సమం అన్నమాట.

తెనాలి మాస్టారు:

బేరిపండు నావ పేరొక్కటే యయ్యె
కొరియ నుడిని జూడ గొంత వింత
తెలుగులోకి మార్చి తెలియక చదివితే
పండు నెక్కి నదిని పల్లె దాటె

సువోన్ చెల్లి: మాస్టారూ, మొదటి పాదంలో బేకి పే యతి వేశారు చూశారా, అక్కడ నేను ఆగిపోయాను. ఇక్కడ సువోన్‌లో కొరియావాళ్లు మాట మొదట్లో పలికే ఆ హల్లు మన ‘ప’కీ ‘బ’కీ మధ్యన ఉంటుంది. వచ్చిన కొత్తలో మార్కెట్‌లో ‘బే’ అని గట్టిగా అంటే పళ్లమ్మే ఆవిడ రెండుసార్లు అడిగించుకుంది.

నిర్వాహకుడు: మన యతికి ప, బ ఎలాగూ చుట్టాలే! పూరణ బాగుంది. ‘చదివితే’ వ్యావహారికం, ఇక్కడ చెల్లుతుంది.

హైదరాబాద్ నుంచి ఒక సభ్యుడు:

కడుపు పడవ బేరి కలసి యొక్కటె మాట
యంత్రమేమి సేయు నంతకన్న
చుట్టుమాట లేక చూపించె తర్జుమా
పండు నెక్కి నదిని పల్లె దాటె

తెనాలి మాస్టారు: ‘చుట్టుమాట’ భలే ఉంది నాయనా, ‘సందర్భం’ అనే మాటకి అచ్చ తెనుగు. కానీ ఒక పేచీ. సమస్యలోనే ‘ఎక్కి’ ఉంది కదా, చుట్టుమాట లేదని ఎలా అంటావు?

సువోన్ చెల్లి: నిజమే. ఇక్కడ అయోమయం తీర్చేది క్రియే. ఎక్కితే పడవ, తింటే పండు, నొప్పి పుడితే కడుపు. ‘బే ఎక్కి బే తింటే బే నొప్పెట్టింది’ అన్నా ఎవరూ తడబడరు.

హైదరాబాద్ సభ్యుడు: ఒప్పుకున్నానండీ. ‘లేక’ తీసేసి ‘చుట్టుమాట విడిచి’ అంటాను. తప్పు యంత్రం మీదకే పోతుంది.

సువోన్ చెల్లి: నాది తొలి ప్రయత్నం, టెన్షన్‌గా ఉంది.

కాకి యెగిరినంత బేరి రాలె నటంచు
కొరియవారు చెప్పు గొప్ప మాట
కాయ కాదు, నావగా నెంచి చదువుమా
పండు నెక్కి నదిని పల్లె దాటె

నిర్వాహకుడు: గణాలు సరిపోయాయి. మొదటి పాదంలో యతి తప్పింది, ‘కా’కి ‘బే’ కుదరదు. ‘కాకి యెగుర బేరికాయ రాలె నటంచు’ అని చూడండి. బేరి పోదు, యతీ నిలుస్తుంది.

తెనాలి మాస్టారు: ఇది మన కాకతాళీయమే కదమ్మా! అక్కడ తాటిపండు, ఇక్కడ బేరిపండు.

సువోన్ చెల్లి: దగ్గరిదే, కానీ చిన్న తేడా ఉంది మాస్టారూ. వీళ్ల సామెతలో కాకి మీద నింద పడుతుంది. ఏ పాపం తెలియనివాడు సమయం కలిసిరాక అనుమానానికి గురైతే అంటారు. ఇంకోటి, బేరి అనగానే మెడ సన్నగా ఉండే కాయ అనుకోకండి. ఇక్కడిది ఆపిల్‌లా గుండ్రం, గోధుమరంగు తొక్క, కొరికితే కరకరమంటూ రసం మోచేతిదాకా కారుతుంది. నాజు ఊరివి పేరున్నవి. చుసొక్ పండక్కి పెద్దలకు పెట్టే పళ్లెంలో ఇది ఉండాల్సిందే.

తెనాలి మాస్టారు: అయితే ‘గొప్ప మాట’ అనకు, కాకి గోడు వినిపించు. ‘కొరియ కాకి మోయు గొప్ప నింద’. గణాలూ సరే, యతీ సరే.

సువోన్ చెల్లి: మార్చేశాను మాస్టారూ!

నిర్వాహకుడు: కడుపుని ఎవరూ సరిగ్గా ముట్టుకోలేదు. అందుకే వచ్చే వారం సమస్య ఇది:

*కడుపు మునిగిపోయె కడలిలోన*