రాష్ట్ర చెత్త ప్రణాళికలో చెత్త ఏరుకునేవారికి చోటు ఎలా అడగాలి?

అందరికీ నమస్కారం. చెత్త తగ్గింపు, రీసైక్లింగ్‌పై రాష్ట్ర ప్రణాళికను సవరించమని మా మహిళా సంఘం తరఫున పురపాలక శాఖకు వినతిపత్రం రాస్తున్నాం. చెత్త తగ్గించడంలో చెత్త ఏరుకునేవారి పాత్రను గుర్తించాలని, ప్రణాళిక తయారీలో వారి ప్రతినిధులను సంప్రదించాలని 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు రాష్ట్రాలకు చెప్పాయి. మా ఊళ్లో మాత్రం వాళ్లకు గుర్తింపు కార్డు కూడా లేదు. తడి, పొడి విడిగా ఇచ్చినా ఆటోలో కలిపేస్తున్నారు. తడిసిన అట్టముక్కల్ని పాత సామాన్ల కొట్టులో తీసుకోరు, ఆ నష్టం నేరుగా వాళ్ల కూలి మీదే పడుతోంది. చూస్తుంటే చాలా బాధగా ఉంది.

మీ ఊళ్లో పొడి చెత్త కేంద్రాన్ని ఎక్కడైనా వాళ్లకే అప్పగించారా? అట్ట, ప్లాస్టిక్ రేటు పడిపోయినప్పుడు కూలి ఎవరిస్తున్నారు? ఒప్పంద పత్రం నమూనా ఉంటే దయచేసి పంపండి.